పళ్ళు తోముకునే రెండు నిమిషాల కోసం ఒక స్క్రీన్: డిజైన్ ఎలా చేయాలి

ఇంటర్‌ఫేస్ డిజైన్ నేర్చుకునేవాళ్ళు మొదటి ప్రాజెక్టుగా ఎక్కువగా టు-డూ లిస్టో, వాతావరణం చెప్పే యాప్‌నో ఎంచుకుంటారు. వాటికంటే బాగా నేర్పే పని ఒకటి రోజూ వాష్‌బేసిన్ ముందు జరుగుతూనే ఉంది. పళ్ళు తోముకోవడానికి మొదలు, చివర స్పష్టంగా ఉన్నాయి. మధ్యలో ఒక వరస ఉంది. ఇంత సేపని లెక్క కూడా ఉంది. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, ఆ కాసేపూ మనిషికి ఒక చేయి పనిలో ఉంటుంది, రెండోది తడిగా ఉంటుంది, నోరు ఖాళీ ఉండదు, చూపు అద్దంలో ఉంటుంది. మామూలుగా స్క్రీన్ వేసేటప్పుడు, ఎదుటి మనిషి తీరిగ్గా కూర్చుని పొడి వేలితో నొక్కుతాడని, మనం వేసిందే చూస్తుంటాడని అనుకుని వేస్తాం. ఇక్కడ అలా అనుకోవడం కుదరదు.

మనం తయారు చేయబోయేది ఒక వెబ్ పేజీ. ఫోన్‌ను అద్దం పక్కన నిలబెట్టి ఒక్కసారి నొక్కితే, ఇప్పుడు ఏ పళ్ళు తోమాలో చూపిస్తూ, వినిపిస్తూ రెండు నిమిషాలూ వెంట ఉంటుంది. హెచ్‌టీఎమ్‌ఎల్, సీఎస్‌ఎస్, కొద్దిగా జావాస్క్రిప్ట్ వచ్చినవాళ్ళు ఎవరైనా చేయవచ్చు.

1. ముందు పనిని గమనించండి

కంప్యూటర్ తెరవకండి. మీరు పళ్ళు తోముకునేటప్పుడు ఏమేం చేస్తారో, తోముకోవడం అయిపోగానే కాగితం మీద రాయండి. బ్రష్ తీసుకోవడం, పేస్టు వేయడం, కుళాయి తిప్పడం, మొదలు ఎక్కడ పెట్టారు, అక్కడి నుంచి ఎటు వెళ్ళారు, మధ్యలో ఉమ్మేశారా, ఎప్పుడు ఆపారు. "ఎందుకు ఆపారు" అన్నది తప్పకుండా రాయండి. చాలామంది "ఇక చాల్లే" అనిపించగానే ఆపేస్తారు, సమయం చూసి కాదు. మీ పేజీ తీర్చాల్సిన అవసరం అసలు అదే.

తర్వాత ప్రతి అడుగు పక్కన మూడు విషయాలు రాయండి: అప్పుడు చేతులు ఏం చేస్తున్నాయి, కళ్ళు ఎక్కడున్నాయి, చెవులకు ఏం వినిపిస్తోంది. పేస్టు వేసేటప్పుడు రెండు చేతులూ పనిలో ఉంటాయి. తోముతున్నప్పుడు ఒక చేయి ఖాళీగానే ఉంటుంది కానీ తడిగా ఉంటుంది. ఉమ్మేటప్పుడు తల వంగుతుంది కాబట్టి స్క్రీన్ అసలు కనబడదు. కుళాయి తిప్పి ఉంటే చిన్న శబ్దాలు వినబడవు. ఈ కాగితాన్ని పారేయకండి, ఇకముందు ప్రతి నిర్ణయానికీ దీని దగ్గరికే వస్తారు.

2. చెప్పే విషయం సరిగ్గా ఉండాలి

బొమ్మ ఎంత బాగున్నా చెప్పేది తప్పయితే మనిషికి నష్టం. దంతవైద్యులు సాధారణంగా చెప్పేవి ఇవి. రోజుకు రెండుసార్లు, ప్రతిసారీ రెండు నిమిషాలు, ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో, మెత్తటి కుచ్చున్న బ్రష్‌తో తోమాలి. బ్రష్‌ను చిగురు అంచు దగ్గర సుమారు 45 డిగ్రీల వాలులో పెట్టి, గట్టిగా రుద్దకుండా, చిన్న చిన్న కదలికలతో కదపాలి. తోమాల్సిన వైపులు మూడు: బుగ్గ వైపు, నాలుక వైపు, నమిలే వైపు. తోమడం అయ్యాక నురగ ఉమ్మేయాలి కానీ వెంటనే నీళ్ళతో బాగా పుక్కిలించకూడదు. పుక్కిలిస్తే పంటి మీద మిగలాల్సిన ఫ్లోరైడ్ కూడా కొట్టుకుపోతుంది. మూడు నాలుగు నెలలకోసారి, కుచ్చు ముందే విచ్చుకుపోతే ఇంకా ముందే, బ్రష్ మార్చాలి.

ఇందులో డిజైన్‌కు పనికొచ్చే లెక్క ఒకటి దాగి ఉంది. నోటిని నాలుగు భాగాలు చేయండి: పైన కుడి, పైన ఎడమ, కింద ఎడమ, కింద కుడి. ఒక్కో భాగానికి 30 సెకన్లు. ఒక్కో భాగంలో మూడు వైపులు, ఒక్కో వైపుకు 10 సెకన్లు. మొత్తం 12 ఘట్టాలు, 120 సెకన్లు. చాలా ఎలక్ట్రిక్ బ్రష్‌లు కూడా ప్రతి 30 సెకన్లకు ఒకసారి ఆగి సంకేతం ఇస్తాయి కాబట్టి అవి వాడేవాళ్ళకూ ఈ లెక్క సరిపోతుంది.

వరసను పైన రాసినట్టే ఉంచండి. పైన కుడి నుంచి పైన ఎడమకు, అక్కడి నుంచి కిందికి దిగి కింద ఎడమ, చివరికి కింద కుడి. ఇలా నోటిని ఒక చుట్టు చుట్టి వస్తే బ్రష్ ఎక్కడా ఎగిరి దూకదు. దంతవైద్యులు పళ్ళకు నంబర్లు వేసే పద్ధతుల్లో బాగా వాడుకలో ఉన్నదాంట్లో కూడా నాలుగు భాగాలకు 1, 2, 3, 4 అంకెలు ఇదే క్రమంలో ఉంటాయి.

కింది ముందు పళ్ళ లోపలి వైపును ప్రత్యేకంగా చూపించండి. లాలాజలం వచ్చే నాళాలు అక్కడికి దగ్గరగా తెరుచుకుంటాయి కాబట్టి గార తొందరగా పట్టే చోటు అది. పైగా బ్రష్ అడ్డంగా పట్టదు, నిలువుగా తిప్పి పట్టుకోవాలి. ఆ ఘట్టంలో బ్రష్ నిలబడి ఉన్న చిన్న బొమ్మ ఒకటి చాలు.

పేజీని నలుగురికీ ఇచ్చే ముందు అందులోని మాటలన్నీ ఒక దంతవైద్యుడికో వైద్యురాలికో చూపించండి. దీన్ని దాటవేయవద్దు.

3. మధ్యలో ముట్టుకునే పని పెట్టకండి

ఈ డిజైన్ మొత్తానికి మూలం ఈ ఒక్క నియమం: రెండు నిమిషాలు మొదలయ్యాక స్క్రీన్‌ను తాకాల్సిన అవసరం ఒక్కసారి కూడా రాకూడదు. "తర్వాత" బటన్ వద్దు. "ఈ భాగం పూర్తయిందా?" అని అడగవద్దు. ఇంటరాక్టివ్ అంటే అడుగడుగునా నొక్కించడం అనుకుంటాం. నిజానికి మనిషి చేస్తున్న పనికి స్క్రీన్ సరిగ్గా స్పందిస్తే అదే ఇంటరాక్షన్. నొక్కడాలన్నీ మొదట్లోనో చివర్లోనో ఉండాలి.

కారణం కాగితం మీద ఇప్పటికే ఉంది. ఫోన్ టచ్‌స్క్రీన్ వేలిలోని విద్యుత్ గుణాన్ని బట్టి స్పర్శను గుర్తిస్తుంది. నీళ్ళు కూడా ఆ లెక్కను తారుమారు చేస్తాయి. తడి వేలితో నొక్కితే పలకకపోవచ్చు, ఎవరూ నొక్కకుండానే నీటి చుక్క నొక్కినట్టు అనిపించవచ్చు. అంటే మీ ముందు రెండు సమస్యలున్నాయి: కావాలని నొక్కింది అందకపోవడం, అనుకోకుండా నొక్కుడు పడటం.

ఇప్పుడు స్థితులు రాసుకోండి. సిద్ధం. మూడు సెకన్ల లెక్క. పన్నెండు ఘట్టాలు. ఉమ్మేయడం. ముగింపు. వీటికి తోడు, ఎప్పుడైనా రాగల "ఆగింది" అనే స్థితి ఒకటి. ఒక్కో స్థితి నుంచి ఎక్కడికి వెళ్ళవచ్చో బాణాలు గీయండి. ఈ బొమ్మలో ఏదైనా స్థితికి బయటికి బాణం లేకపోతే, వాడేవాళ్ళు అక్కడ ఇరుక్కుంటారు.

"ఆగింది" గురించి ఒక సలహా. ఆపే బటన్ స్క్రీన్ అడుగున, అడ్డంగా మొత్తం వెడల్పుకు ఉండనివ్వండి. నీటి చుక్క వల్ల పొరపాటున ఆగినా, మళ్ళీ నొక్కితే అక్కడి నుంచే కొనసాగాలి. మొత్తం రద్దు చేసే బటన్ మాత్రం తోముతున్నప్పుడు కనబడకూడదు, ఆపాక మాత్రమే కనబడాలి. వెనక్కి తీసుకోగలిగిన పనిని తేలిక చేయండి, తీసుకోలేనిదాన్ని ఒక అడుగు దూరంలో పెట్టండి.

4. నోటి బొమ్మ గీయడం, కుడి ఎడమల చిక్కు

చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. దంతవైద్యుల చార్టులో రోగి కుడి వైపు పళ్ళు కాగితానికి ఎడమ వైపున ఉంటాయి. డాక్టరు రోగికి ఎదురుగా ఉండి చూస్తారు కాబట్టి వాళ్ళకు అదే సరి. మీరు ఆ చార్టును చూసి గీస్తే, అద్దం ముందున్న మనిషికి అంతా తారుమారు అవుతుంది. అద్దంలో మన కుడి బుగ్గ అద్దానికి కుడి వైపునే కనబడుతుంది కదా. కాబట్టి మీ బొమ్మ అద్దంలాగే ఉండాలి: వాడేవారి కుడి, స్క్రీన్‌కు కుడి.

సరిచూసుకోవడం సులువు. అద్దం ముందు నిలబడి కుడి బుగ్గ మీద వేలు పెట్టండి. ఫోన్‌లో "పైన కుడి" వెలిగినప్పుడు, వెలిగిన చోటు మీ వేలు ఉన్న వైపే ఉండాలి. ఆలోచించి అర్థం చేసుకోవాల్సి వచ్చిందంటే బొమ్మ తిరగబడినట్టే. నురగ నోటితో ఉన్న మనిషికి కుడి ఎడమలు విడమరచుకునే ఓపిక ఉండదు.

బొమ్మను ఎస్‌వీజీలో, అంటే ఆకారాలను కోడ్‌గా రాసే బొమ్మల పద్ధతిలో గీయండి. పైన బోర్లించిన వంపు, కింద వెల్లకిలా వంపు, ఒక్కోదాన్ని మధ్యలో రెండు చేయండి. పెద్దవాళ్ళ నోట్లో జ్ఞానదంతాలతో కలిపి 32 పళ్ళు, చిన్నపిల్లల పాలపళ్ళు 20. అన్నీ విడివిడిగా గీయాలన్న పట్టుదల అవసరం లేదు. దూరం నుంచి చూసే బొమ్మకు వంపు, అందులో కొన్ని గీతలు చాలు. ఒక్కో భాగంలో బయటి అంచు, లోపలి అంచు, నడుమ పట్టీ అని మూడు ఆకారాలు వేరుగా ఉంచండి. పన్నెండు ఆకారాలకూ పన్నెండు ఐడీలు ఇస్తే కోడ్ రాసేటప్పుడు సుఖం.

5. రంగు, అక్షరం, కదలిక

ఫోన్ చేతిలో లేదు, చేయి చాచినంత దూరంలో ఉంది. అక్షరాలు మీకు మామూలుగా అలవాటైనదానికంటే బాగా పెద్దవి ఉండాలి. ఒక్కో ఘట్టానికి రెండు మూడు మాటలు మించవద్దు: "పైన కుడి, బయట". వివరాలన్నీ, మొదలుపెట్టే ముందు వచ్చే స్క్రీన్‌లోనే చెప్పేయండి. తెలుగులో రాస్తుంటే లైన్ హైట్ 1.6 దాకా ఇవ్వండి, లేకపోతే కింది వరస గుడులు పై వరస వత్తులకు తగులుతాయి.

వెబ్‌లో అందరికీ అందుబాటు కోసం పాటించే డబ్ల్యూసీఏజీ ప్రమాణాలు మామూలు అక్షరాలకు, వాటి వెనక రంగుకు మధ్య కాంట్రాస్ట్ (వెలుగు తేడా) కనీసం 4.5:1 ఉండాలంటాయి. పెద్ద అక్షరాలకు, అర్థం చెప్పే బొమ్మలకు 3:1. మీరు దీనికంటే ఎక్కువే తీసుకోండి, ఎందుకంటే చూపు లోపం ఉన్నవాళ్ళు చాలామంది కళ్ళజోడు తీసేసి పళ్ళు తోముకుంటారు. బటన్ విషయంలో 2023లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 వెర్షన్ అడిగే కనీస కొలత 24 సీఎస్‌ఎస్ పిక్సెళ్ళు. ఆపిల్ 44 పాయింట్లు, ఆండ్రాయిడ్ 48 డీపీ (ఆండ్రాయిడ్ స్క్రీన్ కొలత) సూచిస్తాయి. అవి పొడి వేళ్ళకు. తడి వేళ్ళకు వీటికి రెట్టింపు పెట్టినా ఎక్కువ కాదు.

అయిపోయిన భాగాన్ని రంగు మార్పుతోనే చూపకండి. రంగులు వేరుగా కనబడనివాళ్ళకు అది అందదు. రంగుతో పాటు చిన్న టిక్కు గుర్తో, గీతల నింపుడో కలపండి. రాత్రిపూట కళ్ళలోకి తెల్లటి వెలుగు కొట్టకుండా, ఫోన్‌లో డార్క్ మోడ్ ఉంటే దాన్ని పేజీ కూడా పాటించాలి.

సెకన్ల అంకె పెద్దగా కిందికి దిగుతూ కనబడటం నాకు నచ్చదు. అంకె మారిన ప్రతిసారీ చూపు అటు పోతుంది, తెలియకుండానే టెన్షన్ పెరిగి చేయి వేగం పెరుగుతుంది. గట్టిగా, వేగంగా రుద్దడమే మనం మాన్పించాలనుకున్నది. దాని బదులు ఇప్పుడు తోమాల్సిన ఆకారం పది సెకన్లలో మెల్లగా నిండేలా చేయండి. ఎంత మిగిలిందో ఒక్క చూపులో తెలుస్తుంది, లెక్కపెట్టే పని ఉండదు. కదలికలు పడనివాళ్ళు ఫోన్‌లో "రెడ్యూస్ మోషన్" పెట్టుకుంటారు. ఆ సెట్టింగ్ ఉన్నప్పుడు నింపుడు ఆపేసి, ఘట్టం మారినప్పుడు మాత్రం ఆకారం మార్చండి. సెకనుకు మూడుసార్ల కంటే ఎక్కువ మెరిసేది ఏదీ ఎక్కడా ఉండకూడదు, అది మూర్ఛ ఉన్నవాళ్ళకు ప్రమాదం.

6. శబ్దం

చూపు అద్దంలో ఉంటుంది కాబట్టి ఈ పేజీలో బరువు మోసేది చెవి. వైపు మారినప్పుడు ఒక చిన్న టిక్, భాగం మారినప్పుడు రెండు స్వరాల పిలుపు, చివర మరోటి. మూడు శబ్దాలు చాలు. అవి ఒకదానికొకటి స్పష్టంగా వేరుగా వినబడాలి. కుళాయి హోరులో, ఎలక్ట్రిక్ బ్రష్ రొదలో ఏ శబ్దం నిలబడుతుందో అక్కడే విని ఎంచుకోండి, హెడ్‌ఫోన్లలో విని కాదు.

వాడేవారు ఏదీ నొక్కకముందు బ్రౌజర్లు సాధారణంగా శబ్దాన్ని ఆపేస్తాయి. "మొదలు" నొక్కినప్పుడే ఆడియోను సిద్ధం చేయండి, తర్వాత రెండు నిమిషాలూ ఇబ్బంది ఉండదు. పక్క గదిలో ఎవరో నిద్రపోతుండవచ్చు కాబట్టి శబ్దం ఆపే మీట మొదటి స్క్రీన్‌లోనే ఉండాలి, అది ఎలా పెట్టారో పేజీ గుర్తుంచుకోవాలి. వైబ్రేషన్‌ను అదనంగా వాడుకోవచ్చు కానీ దాని మీదే ఆధారపడకండి. ఐఫోన్ సఫారీ వెబ్ పేజీలకు వైబ్రేషన్ సదుపాయం ఇవ్వదు.

7. కోడ్

పన్నెండు ఘట్టాలను ఒక జాబితాగా రాయండి: పేరు, ఏ భాగం, ఏ వైపు, ఎన్ని సెకన్లు. సమయాలను కోడ్ మధ్యలో ఎక్కడా విడిగా రాయకండి. రేపు ఎడమ చేతివాళ్ళకు వేరే వరస కావాలన్నా, పిల్లలకు వేరే మాటలు కావాలన్నా జాబితా మార్చితే సరిపోవాలి.

టైమర్‌ను సెట్‌ఇంటర్వల్‌తో సెకనుకొకటి తగ్గించుకుంటూ లెక్కించవద్దు. బ్రౌజర్ ప్రతి సెకనూ కచ్చితంగా పిలుస్తుందన్న హామీ లేదు. పేజీ వెనక్కి వెళ్తే ఇంకా నెమ్మదిస్తుంది. "మొదలు" నొక్కిన క్షణాన్ని పర్ఫార్మెన్స్ డాట్ నౌతో గుర్తుపెట్టుకుని, ప్రతిసారీ ఇప్పటి సమయంలోంచి దాన్ని తీసేయండి. వచ్చిన తేడాను బట్టి ఎన్నో ఘట్టంలో ఉన్నామో తేలుతుంది. ఆపినప్పుడు అప్పటిదాకా గడిచిన సమయాన్ని దాచుకుని, కొనసాగించినప్పుడు దానికి కలపండి. బొమ్మ నింపడానికి రిక్వెస్ట్ యానిమేషన్ ఫ్రేమ్ వాడండి.

ఫోన్ అర నిమిషానికే స్క్రీన్ ఆర్పేస్తే ఇంత పనీ వృథా. స్క్రీన్ వేక్ లాక్ అనే సదుపాయంతో దాన్ని ఆపవచ్చు. అది హెచ్‌టీటీపీఎస్ పేజీల్లోనే పనిచేస్తుంది. పేజీ కనుమరుగైతే ఆ లాక్ దానంతట అదే పోతుంది, తిరిగి వచ్చినప్పుడు మళ్ళీ అడగాలి. మధ్యలో ఫోన్ కాల్ వస్తే విజిబిలిటీ చేంజ్ ఈవెంట్ ద్వారా తెలుస్తుంది. అప్పుడు "ఆగింది" స్థితికి వెళ్ళి, తిరిగి వచ్చాక ఆ ఘట్టం మొదటి నుంచి కొనసాగించడం మేలు.

స్క్రీన్ రీడర్ (స్క్రీన్ మీది మాటలను పైకి చదివే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్ళ కోసం ఘట్టం పేరును ఆరియా లైవ్ (aria-live) గుర్తున్న చోట పెట్టండి, అక్కడ మాట మారగానే రీడర్ దానంతట అదే చదువుతుంది. ఘట్టం మారినప్పుడే అది మారాలి, ప్రతి సెకనూ ఏదో చదువుతుంటే ఎవరూ భరించలేరు. పేజీ భాష తెలుగు అని లాంగ్ ఆట్రిబ్యూట్‌లో చెప్పండి, లేకపోతే రీడర్ వేరే భాష గొంతుతో చదవబోతుంది. బటన్లకు నిజమైన బటన్ ట్యాగులే వాడండి.

కెమెరా పెట్టి నోటిని గుర్తించాలన్న ఆశ కలగవచ్చు. వద్దంటాను. స్నానాలగదిలో కెమెరా అనుమతి అడిగే పేజీని నమ్మమని ఎవరినీ అడగకూడదు.

8. చివరి స్క్రీన్

రెండు నిమిషాలు అయ్యాక "ఉమ్మేయండి, నీళ్ళతో పుక్కిలించకండి" అన్న మాట ముందు రావాలి. ఆ తర్వాతే అభినందన. ఈ వరస మారితే, అభినందన చూసి తల తిప్పేస్తారు, అవసరమైన మాట చదవరు.

వారం రోజుల గుర్తులు చూపాలనుకుంటే పొద్దున ఒక చుక్క, రాత్రి ఒక చుక్క పెట్టండి. ఒక పూట తప్పిందని మొత్తం లెక్క సున్నాకు తెచ్చే పద్ధతి మాత్రం పెట్టకండి. నిద్రలేమితో, జ్వరంతో, దిగులుతో ఉన్నవాళ్ళే మొదట వదిలేసే పని ఇది. అలాంటి రోజు మర్నాడు పేజీ తెరిస్తే ఎర్రటి గుర్తు కనబడటం వాళ్ళకు ఏ రకంగానూ సాయం కాదు. తప్పిన పూట ఖాళీగా ఉండనివ్వండి. ఈ చుక్కలకు లోకల్ స్టోరేజ్ (బ్రౌజర్‌లోనే దాచుకునే చోటు) చాలు, అకౌంట్, మెయిల్ ఏదీ అడగవద్దు.

9. వాష్‌బేసిన్ ముందే పరీక్షించండి

డెస్క్ దగ్గర కూర్చుని చేసిన పరీక్ష ఇక్కడ పనికిరాదు. నలుగురైదుగురిని అడిగి, వాళ్ళు నిజంగా పళ్ళు తోముకునే సమయంలో ఇవ్వండి. కళ్ళజోడు వాడేవారు ఒకరు, ఎడమ చేతివాటం వారు ఒకరు, పెద్దవాళ్ళ తోడుతో ఒక పిల్లవాడో పాపో ఉంటే మంచిది. "బాగుందా?" అని అడగకండి, బాగుందనే అంటారు. చూడండి. భాగం మారినప్పుడు చేయి వెంటనే కదిలిందా, తల తిప్పి ఫోన్‌ను వెతికారా? తప్పు వైపు వెళ్ళారా? ఎక్కడైనా వేలు స్క్రీన్ వైపు సాగిందా? వేలు సాగిన ప్రతి చోటా మీరు ఏదో వినిపించడం మరచిపోయారు.

ఫోన్‌ను బోర్లా పెట్టి ఒకసారి శబ్దంతోనే, తర్వాత శబ్దం ఆపి బొమ్మతోనే నడిపించి చూడండి. రెండు విధాలా పని పూర్తికావాలి.

ఇది కుదిరాక ఇదే చట్రంతో చేతులు కడుక్కునే పేజీ ప్రయత్నించండి. సబ్బుతో కనీసం 20 సెకన్లు రుద్దాలంటారు. అక్కడ ఘట్టాలు అరచేతులు, చేతుల వెనక, వేళ్ళ సందులు, బొటనవేళ్ళు, గోళ్ళు. కానీ ఒక కొత్త ఇబ్బంది ఉంది: కడగాల్సిన చేతితోనే "మొదలు" నొక్కాలి. మొదటి కాగితం మళ్ళీ తీసి, ఆ నొక్కడాన్ని ఎలా తప్పించవచ్చో అక్కడి నుంచి ఆలోచించండి.